ప్లగ్గు తీసిన మనిషి

చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు ముందు కాలరు చెయ్యాలి, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, చివరికి వీపు. ముందే వీపు చేసేస్తే చేతులు అయ్యేసరికి అది మళ్ళీ నలుగుతుంది. ఇది నాకు పిన్ని నేర్పింది. పిన్ని ఇంట్లో లేని ఆ రోజుల్లో బాబాయి చొక్కాలన్నీ నేనే చేసేదాన్ని. నీళ్ళు చిలకరించి, చుట్టచుట్టి, కాసేపు పక్కన పెట్టి, ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తడి వేలితో తాకి చూసేదాన్ని. చుయ్‌మంటే సరే. అది కొత్త పెట్టె. పాతది పోలీసులు గుడ్డలో చుట్టి, సీలు వేసి పట్టుకెళ్ళారు. మనిషి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు గానీ, పెట్టె వెళ్ళిపోయేసరికి బాబాయి వాళ్ళమ్మకి, అంటే మామ్మకి, వెంటనే తోచింది. "నలిగిన చొక్కాలతో వాడు డ్యూటీకెలా పోతాడు?" అంది. కొడుకు ఇంకా ఆస్పత్రి మంచం మీద ఉండగానే కొత్త పెట్టె ఇంటికి వచ్చేసింది. దాన్ని వాడే మనిషి ఇంట్లోనే ఉంది కాబట్టి ఇంకేమీ వెతకాల్సిన పని లేకపోయింది.

ఆ మనిషిని నేను. మా ఊళ్ళో బడి పదో తరగతి వరకే. పైచదువు కోసం అమ్మ నన్ను తన చెల్లెలి ఇంట్లో పెట్టింది. అందుకే ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. జరిగిందంతా చూశాను.

బాబాయి బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. డ్యూటీ దిగినా ఆయన తనిఖీ దిగేది కాదు. అలమర మీద వేలు పెట్టి గీసి చూసేవాడు. గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. చొక్కాల దగ్గర మాత్రం ఆయనకొక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. చేతి మీద కత్తితో గీసినట్టు ఒకటే మడత ఉండాలి. దాని పక్కన ఇంకో గీత సన్నగా కనపడినా సరే, కోప్పడడు, తిట్టడు. చొక్కాని గుప్పిట్లోకి తీసుకుని ఉండలా నలిపి, బల్ల మీద పడేసి, "మళ్ళీ" అంటాడు. ఒకటే మాట. మామ్మ చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది, "మావాడు పెళ్ళాం మీద ఏనాడూ గొంతెత్తి ఎరగడు" అని. అది నిజమే. ఎత్తలేదు.

ఆ రోజు సెలవు. వారానికి సరిపడా చొక్కాలు బల్ల మీద ఉన్నాయి. మొదటిది నలిపాడు. రెండోది నలిపాడు. మూడోది కూడా నలిపి "మళ్ళీ" అన్నాక పిన్ని పెట్టెని నిలబెట్టింది. పొద్దున కూరగాయలు అయిపోయాయని చెప్పినంత మామూలు గొంతుతో, "ఇంకోసారి ఇక్కడ చెయ్యి పెడితే కాలుతుందండీ" అంది. బాబాయి నవ్వాడు. "పిచ్చెక్కిందా?" అన్నాడు. పిన్ని ఇంకో చొక్కా తీసుకుంది. కాలరు, భుజాలు, చేతులు, వీపు. పరిచిన చొక్కా మీద బాబాయి కుడిచెయ్యి పెట్టాడు. పిన్ని దాని మీద పెట్టె దించింది.

ఆయన కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. బస్సు బ్రేకులా సాగిన కేక. ఆయన స్నానాలగది కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. ముందుగదిలో మామ్మ "ఏమైందిరా, ఏమైందిరా" అంటూ కళ్ళజోడు వెతుక్కుంటోంది. అప్పుడు పిన్ని పెట్టెని నిలబెట్టింది. గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసేసింది. కేక విని ఆమె కూతురు చిట్టి, ఒకటో తరగతి పిల్ల, పరుగెత్తుకొస్తుంటే, "చిట్టీ, ఆగు. పెట్టె వేడిగా ఉంది. వైరు తొక్కకు" అంది. నాతో, "దీన్ని డాబా మీదకి తీసుకెళ్ళు తల్లీ" అంది. నేను చిట్టి చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతుంటే కింద నుంచి పిన్ని గొంతు వినపడింది. "చెయ్యి నీళ్ళ కిందే ఉంచండి, తీయకండి." అంతే. ఆ తర్వాత నేను చూసింది లేదు. ఆస్పత్రివాళ్ళే పోలీసులకి కబురు పెట్టారు. సాయంత్రానికి పిన్నిని తీసుకెళ్ళిపోయారు. బాబాయి చెయ్యి మానింది గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు.

లాయరమ్మ ఇంటికి వచ్చిన రోజు ముందుగదిలో అందరూ ఉన్నారు. పిన్ని నాన్న, అంటే మా తాతయ్య, అమ్మ, మామ్మ, చేతికి కట్టుతో బాబాయి. నేను టీలు పట్టుకెళ్ళి గుమ్మం దగ్గర ఉండిపోయాను. లాయరమ్మ చెడ్డమనిషి కాదు. పిన్ని జైలుకి పోకూడదని నిజంగానే కోరుకున్నారు. అందరివైపూ ఒకసారి చూసి నిదానంగా చెప్పారు.

"చేసిందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చేసింది. చేసేటప్పుడు తను ఏం చేస్తోందో, అది తప్పో కాదో తెలుసుకునే స్థితిలో ఆవిడ మనసు ఉందా లేదా, అదీ ప్రశ్న. లేదని మనం చూపించగలిగితే శిక్ష ఉండదు. జైలుకి బదులు మానసిక ఆస్పత్రికి పంపుతారు."

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "కాయితం మీద పిచ్చి అని రాస్తారా అమ్మా?"

"మతిస్థిమితం లేదని రాస్తారు."

"అది నయం," అన్నాడు తాతయ్య. ఆయన ముఖంలో ఎన్నాళ్ళ తర్వాతో కాస్త తేట కనపడింది.

బాబాయి కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, "నాకు మాత్రం దాన్ని జైల్లో పెట్టించాలని ఉందా? పాపం దానికి బాగోలేదు. ఎప్పట్నుంచో బాగోలేదు" అన్నాడు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచి మనిషి అని ఆమె తర్వాత వంటింట్లో నాతో పదిసార్లు అంది. మామ్మ మాత్రం ఒక మాట ఖాయం చేసుకుంది. "ఏదైనా చేసుకోండి. చిట్టి మాత్రం ఇక్కడే ఉంటుంది. పిచ్చితల్లి చేతికి పసిపిల్లనెవరిస్తారు? ఇల్లు జరగాలి కదా, ఈ పిల్ల కూడా కొన్నాళ్ళు ఇక్కడే ఉండనీ." ఈ పిల్ల అంటే నేను. అమ్మ తలూపింది. ఇన్నేళ్ళలో ఆ రెండు ఇళ్ళవాళ్ళూ ఒక్కమాట మీద నిలబడడం అదే మొదటిసారి. బెయిలు ఊసు కూడా ఎవరూ ఎత్తలేదు. "లోపలుంటేనే నయం, నలుగురి కళ్ళూ పడవు" అన్నాడు తాతయ్య. పిన్నినొక్కదాన్నే ఎవరూ అడగలేదు. మనసు స్థిమితంగా లేదని తేల్చుకున్న మనిషిని ఏం అడుగుతారు?

పిచ్చి అన్న మాట ఆ ఇంట్లో ఉప్పులాంటిది, ప్రతి పూటా వాడతారు. పిచ్చిమొహమా, తువ్వాలెక్కడ? పిచ్చిదానా, దీనికి కూడా ఏడుస్తారా? నీ పిచ్చిగానీ, నువ్వు ఉద్యోగం చేస్తే ఇల్లెవరు చూస్తారు? ఇన్నాళ్ళూ అది తిట్టో ముద్దో నాకు తెలిసేది కాదు. దానికి చట్టంలో ఒక సెక్షను ఉందని, దాన్ని సాక్ష్యాలతో నిరూపించవచ్చని ఆ రోజే తెలిసింది.

సాక్ష్యాలు కావాలి అనగానే అందరికీ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేశాయి. "వంటింట్లో ఒక్కత్తే మాట్లాడుకునేదండీ. ఎవరితోనే అంటే ఎవరితోనూ కాదనేది" అంది మామ్మ. "స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పేసి గంటల తరబడి కూర్చునేది. నీళ్ళు పోతున్నాయే అంటే పలికేది కాదు." "టీలో ఉప్పు వేసింది ఒకసారి," అన్నాడు బాబాయి. "చుట్టాల ముందు ఊరికే నవ్వింది, గుర్తుందామ్మా? ఆపమన్నా ఆపలేదు. నాకు తల తీసేసినట్టయింది." లాయరమ్మ అన్నీ శ్రద్ధగా రాసుకున్నారు. అమ్మ కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి, "చిన్నప్పుడు నిద్రలో నడిచేది" అంది. అది నిజం కాదు. నిద్రలో నడిచింది అమ్మే. అది తాతయ్యకీ తెలుసు.

చివరికి లాయరమ్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళారు, అమ్మతో సహా. "నువ్వొక్కదానివే కదమ్మా దగ్గరుండి చూసింది. ఏం చూశావో చెప్పు." నేను చెప్పాను. నాకు కొత్తవాళ్ళ ముందు గొంతు రాదు. అందుకే బాబాయి నన్ను మూగమొద్దు అంటాడు. ముక్కలు ముక్కలుగా చెప్పుకుంటూ ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"ప్లగ్గు తీసిందా? వైరు తొక్కకు అందా?"

"అంది."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు." ఆవిడ స్టవ్ గట్టుకి ఆనుకున్నారు. "చూడమ్మా, వేడి పెట్టె పక్కన పిల్ల తిరిగితే ప్రమాదమని తోచిన మనిషికి, ఆ పెట్టె చెయ్యి కాలుస్తుందని తోచలేదంటే ఏ జడ్జీ నమ్మడు. ఆ ఒక్క ప్లగ్గు చాలు, మనం కట్టిందంతా కూలిపోవడానికి. అబద్ధం చెప్పమనట్లేదు. తర్వాత ఏమైందని అడిగితే, భయమేసి చిట్టిని తీసుకుని డాబా మీదకి వెళ్ళిపోయానను. వెళ్ళావుగా?"

"వెళ్ళాను."

"అంతే మరి."

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "దీనికి నోట్లో నాలుక లేదండీ, ఎక్కువ మాట్లాడదు" అంది. నా గురించి ఎప్పుడూ చిన్నతనంగా చెప్పే మాటని ఆ రోజు మెచ్చుకోలుగా చెప్పింది.

ఆ తర్వాత ఇల్లు నా చేతికొచ్చింది. పొద్దున కాలేజీకి వెళ్ళేలోపు వంట, చిట్టి జడలు, డబ్బాలు, మామ్మ మందులు, బాబాయికి ఎడమచేత్తో తినడానికి వీలుగా అన్నీ చిన్న ముక్కలు. సాయంత్రం వచ్చాక గిన్నెలు, బట్టలు, మళ్ళీ వంట, చొక్కాలు. వారానికి నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళాలనుకుని రెండు రోజులే వెళ్ళగలిగేదాన్ని. ఒక పని చేస్తున్నప్పుడు ఇంకో మూడు పనులు తలలో క్యూ కట్టేవి. వాటిల్లో ఏది జారిపోయినా ముందుగదిలోంచి పిలుపు వచ్చేది. కాబట్టి జారిపోకుండా వాటిని గట్టిగా పట్టుకోవడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. పైకి చెప్పుకోవడం. పాలు దించాలి, చిట్టి సాక్సు ఆరలేదు, మామ్మ తెల్లబిళ్ళ తిన్నాక, ఎర్రబిళ్ళ తినకముందు. ఒకరోజు ఇలా చెప్పుకుంటూ ఉల్లిపాయలు తరుగుతుంటే మామ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఎవరితోనే మాటలు?"

"ఎవరితోనూ కాదు మామ్మా," అన్నాను.

అన్నాక నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ ప్రశ్న, ఆ జవాబు, రెండూ లాయరమ్మ కాయితాల్లో ఉన్నాయి. మామ్మకి అదేమీ గుర్తు రాలేదు. "టీ పెట్టు" అని వెళ్ళిపోయింది.

ఇక అక్కడినుంచి ఒక్కొక్కటే నాకు అర్థమవడం మొదలైంది. ఆ ఇంట్లో గడియ ఉన్న తలుపు ఒక్కటే, స్నానాలగదిది. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటే రెండు నిమిషాలకే "ఎంతసేపే?" అని వినపడుతుంది. కుళాయి తిప్పి ఉంచితే పనిలో ఉన్నామనుకుని ఊరుకుంటారు. నేను బక్కెట్టు మీద కూర్చుని నీళ్ళవైపు చూస్తూ ఏమీ ఆలోచించకుండా ఉండేదాన్ని. ఆ సుఖం ఎలాంటిదో చెప్పడం కష్టం. మెడలోంచి ఎవరో సంచీ దించినట్టుంటుంది. టీలో ఉప్పు సంగతీ అంతే. పంచదార, ఉప్పు ఒకేరకం డబ్బాల్లో ఉండేవి. మూతల మీద అంటించిన చీటీలు బాబాయికి నచ్చక పీకించేశాడు, వంటిల్లు కిరాణాకొట్టులా ఉందని. నేను రెండుసార్లు వేశాను. నన్నూ పిచ్చిదన్నారు గానీ, ఇంకా ఎవరూ రాసుకోలేదు.

నవ్వు సంగతి నాకు ముందే తెలుసు. ఆ రోజు నేనున్నాను. చుట్టాలొచ్చారు. బాబాయి కాలు మీద కాలు వేసుకుని, "ఈ రోజుల్లో ఆడవాళ్ళకి పనేముంటుందండీ, బట్టలుతికే మిషనే కొని పడేశాను" అన్నాడు. ఆ మిషను చెడిపోయి ఏడాది. మెకానిక్కుని పిలవమని పిన్ని అడిగి అడిగి మానేసింది. దాని మీద ఒక గుడ్డ పరిచి పప్పుల డబ్బాలు పెట్టుకుంది. వచ్చినవాళ్ళ కోసం ఆ డబ్బాలోంచే పప్పులు తీసుకొచ్చి ప్లేటులో పోస్తూ ఆ మాట విన్నది. నవ్వకుండా ఎలా ఉంటుంది? నాకూ నవ్వొచ్చింది. కాకపోతే నేను నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాను, పిన్ని ఆ ఒక్కరోజు మర్చిపోయింది.

ఇదంతా చెప్పి పిన్ని చేసింది మంచిపని అనడం లేదు నేను. కాలిన చెయ్యి చూశాను. దానికి రోజూ మందు రాసింది నేనే. ఆ చర్మం ముట్టుకున్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరించేది. కానీ ఆ చేతికి మందు రాస్తూ, ఇది తనేం చేస్తోందో తెలియని మనిషి చేసింది అని మాత్రం అనుకోలేకపోయాను.

కోర్టు వాయిదాకి ముందు అమ్మతో కలిసి పిన్నిని చూడడానికి జైలుకి వెళ్ళాను. మధ్యలో జల్లెడలాంటి ఇనుప తెర. ఇటు మనుషులు, అటు మనుషులు, అందరూ ఒకేసారి అరిచి మాట్లాడుతున్నారు. పిన్ని చిక్కింది గానీ, ముఖం కడిగినట్టుగా ఉంది. ముందు చిట్టి గురించి అడిగింది. పళ్ళూడాయా అంది. ఒకటి ఊడిందన్నాను. అమ్మ మాత్రం తను చెప్పాల్సింది గబగబా చెప్పేసింది. "నువ్వేం మాట్లాడకు. ఏమడిగినా గుర్తులేదను. ఆస్పత్రికి పంపుతారు, కొన్నాళ్ళుంటావు, నయమైందని పంపేస్తారు."

"నయమైందని ఎవరు చెప్పాలి అక్కా?"

"డాక్టర్లు."

"జైలైతే ఇన్నేళ్ళని ముందే చెప్తారు. అక్కడ నయమయ్యేదాకా అంటారు. లేని జబ్బు నయమయ్యేదెప్పుడు?" పిన్ని గొంతు పెంచలేదు. ఆ గోలలో ఆమె మాట వినడానికి నేను తెరకి చెవి ఆనించాల్సి వచ్చింది. "అదొక్కటే కాదే. నాకు మతి లేదని రాశారంటే, ఇప్పటిదాకా నేను అన్నవన్నీ మతిలేని మాటలే అయిపోతాయి. చొక్కాలు నలపొద్దని చెప్పాను. చీటీలు పీకొద్దని చెప్పాను. నీతో కూడా చెప్పాను, నాకు ఊపిరాడట్లేదక్కా అని. అన్నీ పోతాయి."

"నేనేమన్నాను? సర్దుకోమన్నాను. అందరూ అదే అంటారు." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "తప్పు చేశానని ఒప్పుకుని జైలుకి పోతావా? పిచ్చా నీకు?"

పిన్ని నవ్వింది. అమ్మ కూడా తనేమన్నదో తెలుసుకుని ఏడుస్తూనే నవ్వేసింది. ఇద్దరూ ఒకేలా నవ్వుతారు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

"తప్పే చేశాను," అంది పిన్ని. "ఇంకోలా చెయ్యాల్సింది. సంచీ తీసుకుని వెళ్ళిపోవాల్సింది. కానీ ఆ ఇంట్లో నాదని ఏముంది చెప్పు? పెట్టె నాది కాదు, బల్ల నాది కాదు, పిల్ల కూడా నాది కాదంటున్నారు. ఈ తప్పు ఒక్కటే నాది. దీన్ని కూడా జబ్బు పేరుమీద రాసేస్తానంటే ఎలా అక్కా?"

తర్వాత ఆమె నావైపు తిరిగింది. అప్పటిదాకా ఉన్న నిబ్బరం ముఖంలోంచి ఒక్కసారిగా జారిపోయింది. "తల్లీ, నువ్వున్నావు కదా. నేను ప్లగ్గు తీశానా?"

నేను ఆమెవైపే చూస్తున్నాను.

"తీశాననే అనిపిస్తుంది. చేతికి ఆ ప్లగ్గు గట్టిగా తగిలినట్టు గుర్తు. కానీ నన్ను పరీక్షించిన డాక్టరుగారూ లాయరమ్మా అందరూ, మీకు తెలియదు, మీకు గుర్తుండదు అని చెప్తుంటే, నిజంగానే నాకేమీ తెలియలేదేమో, ఇదంతా తర్వాత నేను కల్పించుకున్నానేమో అని భయమేస్తోంది. జైలుకి భయపడట్లేదు. దీనికే భయపడుతున్నాను. తీశానా?"

నేను నోరు తెరిచాను. అమ్మ చేతివేళ్ళు నా మోచేతిని గట్టిగా నొక్కాయి. అవతల ఖాకీబట్టల ఆవిడ టైమైందని అందర్నీ లేపుతోంది. నా గొంతు పైకొచ్చేలోపు పిన్ని వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

కోర్టు గది నేననుకున్నంత పెద్దది కాదు. మా బడిలో పెద్ద క్లాసంత ఉంది. ఫ్యాను తిరుగుతూ టిక్కు టిక్కుమంటోంది. పిన్ని ఒక పక్కన చెక్క కటకటాల వెనక నిలబడి ఉంది. తాతయ్య, అమ్మ, బాబాయి, మామ్మ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నన్ను పిలిచారు. జడ్జిగారు ఆడమనిషే, జలుబు చేసినట్టుంది, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, "భయపడకమ్మా, కాస్త గట్టిగా చెప్పు చాలు" అన్నారు.

లాయరమ్మ అడిగారు. పిన్ని తనలో తాను మాట్లాడుకునేదా? మాట్లాడుకునేదన్నాను. కుళాయి తిప్పి కూర్చునేదా? కూర్చునేది. టీలో ఉప్పు వేసిందా? వేసింది. కారణం లేకుండా నవ్విందా?

"నవ్విందండి. కారణం ఉంది."

లాయరమ్మ ఒక క్షణం నావైపు చూశారు. ఇంకేమీ అడగకుండా కూర్చుండిపోయారు.

ప్రభుత్వం తరఫు లాయరు లేచాడు. రిటైరు కాబోతున్న లెక్కల మాస్టారిలా ఉన్నాడు. "ఏమిటమ్మా ఆ కారణం?"

చెప్పాను, బట్టల మిషను సంగతి, పప్పుల డబ్బాలు. వెనక బెంచీల్లో ఎవరో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. జడ్జిగారు రుమాలు పెదాలకి అడ్డం పెట్టుకున్నారు.

"తనలో తాను ఏమని మాట్లాడుకునేది?"

"పనులండి. మర్చిపోకుండా. నేను కూడా మాట్లాడుకుంటానండి."

"నువ్వా? ఎప్పట్నుంచి?"

"ఆ ఇంట్లో పని నా చేతికి వచ్చినప్పట్నుంచి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "సరే. చెయ్యి కాల్చాక ఆవిడ ఏం చేసింది?" అన్నాడు.

నా దగ్గర డాబా మాట సిద్ధంగా ఉంది. అబద్ధం కూడా కాదది. దాన్ని చెప్పేసి దిగిపోతే ఇంటికెళ్ళే దారిలో అమ్మ నా తల నిమురుతుంది. బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ అది నయం. నేను పిన్ని వైపు చూశాను. ఆమె చెక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకుని ఉంది. నా నోటివైపు చూస్తోంది. బడిలో పరీక్ష ఫలితాలు చదివేటప్పుడు చివరి బెంచీ పిల్లలు చూసే చూపు అది, తమ పేరు ఉందో లేదో అని. జైలు గుర్తొచ్చింది, ఇనుప తెర గుర్తొచ్చింది, ఒక్క మాటతో ఆమెని మళ్ళీ దాని వెనక్కి తోసేస్తున్నానేమో అనిపించింది. కానీ ఆ చూపు అడుగుతున్నది జైలు గురించి కాదు. వారాల క్రితం అడిగి, నేను చెప్పలేకపోయిన ప్రశ్నే అది.

"ప్లగ్గు తీసిందండి," అన్నాను.

"గట్టిగా."

"ప్లగ్గు తీసింది. ముందు స్విచ్చి ఆపి, తర్వాత తీసింది. చిట్టిని వైరు తొక్కకు అంది. మమ్మల్ని డాబా మీదకి పంపించింది. బాబాయిని చెయ్యి నీళ్ళ కిందే ఉంచమంది. నేను చూశాను పిన్నీ." చివరి మాట జడ్జిగారితో అనాల్సింది, పిన్నితో అనేశాను.

పిన్ని కమ్మీ మీద చేతులు వదిలేసింది. ఎంతోసేపు నీళ్ళలో మునిగి ఉండి పైకి తేలిన మనిషిలా ఊపిరి తీసుకుంది. జడ్జిగారు ఆమెవైపు తిరిగి, "మీరేమైనా చెప్పదలుచుకున్నారా?" అన్నారు. లాయరమ్మ గబుక్కున లేచి, వద్దమ్మా అన్నట్టు చెయ్యి ఊపారు.

"తీశానండీ," అంది పిన్ని. "నాకు గుర్తుంది. చెయ్యి కాలుతుందనీ తెలుసు, తప్పనీ తెలుసు. కాలుతుందని ముందే చెప్పాను. ఆయన నవ్వారు."

జడ్జిగారు ఆ మాటల్ని ఒక్కొక్కటే టైపు చేసే అతనికి చెప్పారు. ‘ఆయన నవ్వారు’ అన్నదాంతో సహా. టకటకమని అక్షరాలు పడుతుంటే పిన్ని తల పక్కకి వంచి ఆ చప్పుడు వింటూ నిలబడింది. ఆమె అన్న మాటని అన్నది అన్నట్టుగా ఎవరైనా రాసుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. తీర్పు ఇంకో తేదీకి వేశారు.

బయటికొచ్చాక అమ్మ నన్ను వదిలేసి గబగబా నడిచింది. బస్సు ఎక్కేముందు మాత్రం, "ఇన్నాళ్ళూ లేని నోరు ఇవాళే లేచిందా నీకు?" అంది. కాసేపటికి తనే, ఎటో చూస్తూ, "నిజంగా వైరు తొక్కకు అందా?" అని అడిగింది. అందన్నాను. "అది చిన్నప్పట్నుంచీ అంతే. ఎంత కోపంలో ఉన్నా పొయ్యి ఆర్పి గానీ పోట్లాడేది కాదు" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అమ్మ ఊరికి వెళ్ళిపోయాక నేను బాబాయి వాళ్ళింటికి తిరిగి వెళ్ళేసరికి బల్ల మీద చొక్కా ఉంది. మర్నాటి డ్యూటీది. ఆయన ముందుగదిలోంచి లేచి వచ్చి బల్లకి అవతల నిలబడ్డాడు. నేను ప్లగ్గు పెట్టాను. నీళ్ళు చిలకరించాను. కాలరు, భుజాలు, చేతులు, వీపు. ఆయన ఎడమచేత్తో చొక్కా ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. కుడిచేత్తో గుప్పిట పట్టబోయాడు, వేళ్ళు ముడుచుకోలేదు. ఎడమచేత్తోనే నలిపి ఉండ చేసి బల్ల మీద పడేశాడు.

"మళ్ళీ," అన్నాడు.

చిట్టి నేలమీద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నదల్లా తలెత్తి చూసింది. పెట్టె నా చేతిలోనే ఉంది. బరువుగా, వేడిగా ఉంది. దాన్ని నిలబెట్టాను. గోడ దగ్గరికి వెళ్ళాను. తర్వాత నా సంచీ ఎక్కడ పెట్టానో, ఊరికి ఆఖరి బస్సు ఎప్పుడో పైకే చెప్పుకున్నాను.

"ఏమే మూగమొద్దూ," అన్నాడు బాబాయి, "నీకూ పిచ్చెక్కిందా?"

"లేదు బాబాయ్," అన్నాను. "చూడు, ప్లగ్గు తీశాను."